గండుచీమ ఎడమ పెడల్

మీటరు 88,412. గడువుకు ముప్పై రోజులు

చేతి గేరు బండి ఉన్నవాళ్లు ప్రతి ప్రయాణాన్నీ సొంత చేతి రాతతో పుస్తకంలో ఎక్కించాలని దారిమండలి నిబంధన. ఎక్కడికి వెళ్లాం, ఎందుకు వెళ్లాం, దారిలో ఏం జరిగింది, అన్నీ రాయాలి. పదకొండేళ్లుగా రాస్తున్నాను. మండలిలో ఒక్కరైనా ఈ పుస్తకం తెరిచిన పాపాన పోయారో లేదో నాకు తెలియదు. ఈ నెల మాత్రం చదువుతారు, ఎందుకంటే ఈ నెల నా బండి మీద వాళ్ల కన్ను పడింది. చదవండి నాయనా, తీరిగ్గా చదవండి.

నా పేరు నూకరత్నం. వయసు అరవై ఒకటి. ఊరు మాడుగుల. బండి పేరు గండుచీమ. నల్లటిది, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు, అయిదు గేర్లు. బెల్లం మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌తో నడుస్తుంది. అది వెళ్లిన దారంతా పాకం వాసన కమ్ముకుంటుంది. విశాఖ సగం సముద్రంలో కలిసి, జనం ఈ కొండల కిందికి వచ్చి పడ్డాక ఇక్కడ మిగిలిన వాసనల్లో అదొక్కటే బాగుంటుంది.

ఈరోజు పని: పశువుల టీకా మందు ఐసు పెట్టెలో సర్దుకుని, పక్క సీటుకు కట్టి, పాత ఘాట్ మీదుగా పైఊరి పశువైద్యశాలకు చేర్చాను. పద్నాలుగు మలుపులు. పొగమంచు లేదు. పనస మలుపులో సెకండు గేరు వెన్నలా పడింది. దిగి వచ్చేసరికి గేటుకు నోటీసు అంటించి ఉంది.

జిల్లాలో చేతి గేరు లైసెన్సు మిగిలింది నా ఒక్కదానికేనట. నెలాఖరున ఘాట్ పరీక్ష పెడతారట. నెగ్గితే ఆ లైసెన్సు తరగతి ఇంకో అయిదేళ్లు బతుకుతుంది, కావలసినవాళ్లు నా దగ్గర నేర్చుకోవచ్చు కూడా. ఓడినా, పరీక్షకు రాకపోయినా తరగతి రద్దు, బండి తుక్కుకు. అదంతా ఎందుకనుకుంటే మండలి ఉచితంగా ఇచ్చే ఆటో గేరు కిట్టు బిగించుకుని, బండ్లన్నింటినీ ఒకే యంత్రం నడిపే దండలో చేరిపోవచ్చు.

దండలో చేరితే ఎక్కి కూర్చోవడమే పని. ఎంత వేగం, ఎక్కడ మలుపు, ఎవరి వెనక ఎవరు, అన్నీ అదే చూసుకుంటుంది. దండ వచ్చాక మా జిల్లా రోడ్ల మీద ఒక్క మనిషి చావలేదు. ఆ మాట నేను కాదనను. నా ఒక్క బండి వాళ్లనేం చేసిందో మాత్రం నాకు అర్థం కావడం లేదు.

నోటీసు వెనక ఒక కాగితం ఉంది. 'మీకు చేతి గేరు ఎందుకు అవసరం?' అని అడిగి, కింద ఆరు గీతలు గీశారు. దాన్ని సీటు కింద తోసేశాను.

మీటరు 88,450. ఇరవై ఏడు రోజులు

పైఊరికి మళ్లీ మందులు. మూడో మలుపు ఎక్కుతూ క్లచ్ తొక్కాను. తొక్కిన కాలు తిరిగి రాలేదు. ఎడమ మోకాలు అలాగే బిగుసుకుపోయింది. బండి రెండు అడుగులు వెనక్కి జారింది. చేతి బ్రేకు లాగి, తొడ కింద చెయ్యి పెట్టి కాలిని వెనక్కి లాక్కున్నాను. అక్కడే కాసేపు కూర్చుని కొండను తిట్టాను. కొండ తప్పేమీ లేదు, తిట్టడానికి ఇంకెవరూ కనబడలేదు.

పరీక్ష నియమాలు చదివాను. క్లచ్ పెడల్ కింద లెక్కల మీటరు పెడతారు. పైకీ కిందికీ కలిపి కనీసం నలభై తొక్కుళ్లు పడాలి. మనిషి బలంతోనే తొక్కాలి, మోటారు తొక్కకూడదు. పాత లారీల కాలం నాటి నియమం ఒకటి ఇంకా మిగిలి ఉంది. ఘాట్ మీద డ్రైవరు పక్కన ఒక క్లీనరు కూర్చోవచ్చట. ఆ రోజుల్లో క్లీనరు లేని లారీ కొండెక్కేది కాదు. మలుపులు కేకేసి చెప్పడం, చక్రం కింద రాయి పెట్టడం, డ్రైవరు కునికితే గిల్లడం అతని పని.

క్లచ్ లేకుండా ఇంజను చప్పుడు విని గేరు వేయడం నాకు వచ్చు. కేబుల్ తెగిన బండిని పైఊరి నుంచి ఇంటిదాకా అలా తెచ్చినదాన్ని. కానీ చప్పుడుకి లెక్కల మీటరు అంకె వేయదు.

మీటరు 88,469. ఇరవై అయిదు రోజులు

ఈరోజు బండి తీయలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే బండికి అన్యాయం జరిగింది.

దండ బస్సెక్కి చోడవరం ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మోకాలి కీలు అరిగిపోయింది, మార్చాలి, మారిస్తే మూడు నెలలు ఆ కాలితో ఏదీ తొక్కకూడదు అంది. "ఇరవై అయిదు రోజుల్లో కొండెక్కాలమ్మా" అన్నాను. "బస్సులో వెళ్లండి" అంది ఆ పిల్ల. చదువుకున్న పిల్ల, మంచిదే. మందుబిళ్లలు తీసుకుని ఇంటికొచ్చాను.

వచ్చి చూస్తే గండుచీమ పొట్ట విప్పి ఉంది. దాని పక్కన చేతులు తుడుచుకుంటూ మరిడయ్య నిలబడి ఉన్నాడు.

మరిడయ్య మా పక్కింటాయన. వరసకు బావ అవుతాడు. డెబ్భై ఏళ్లవాడు. గోడవతల ఆయన లేతు షాపు. గండుచీమ సెకండు గేరు ఆ లేతు మీద పుట్టిందే, పళ్లన్నీ ఆయన చేత్తో తీసినవే. మండలి తరఫున ఊళ్లో బండ్లన్నింటికీ ఆటో గేరు కిట్లు బిగించేది కూడా ఆయనే. ఈరోజు నేను లేని సమయం చూసి నా బండికీ బిగించేశాడు. ఎడమ సీటు ముందు, కాళ్లు పెట్టే చోట, బూడిద రంగు మోటారు. దాని నుంచి ఒక ఇనుప కడ్డీ మధ్య రేకును చీల్చుకుని నా వైపు వచ్చి, క్లచ్ పెడల్ మెడకు వెల్డింగై ఉంది. ఇంకో కడ్డీ గేరు రాడ్డును పట్టుకుంది.

"ఎవుడు బిగించమన్నాడు బావా?"

"నీ మోకాలు బిగించమన్నాది."

"నా మోకాలు వచ్చి నీకు సెప్పిందేటి?"

"సెప్పక్కర్నేదే. గోడవతలకి ఇనిపిస్తంది. బండి దిగినప్పుడల్లా ఓలమ్మో అంటన్నావు. పది రోజుల్నుంచీ ఇంటన్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. విన్నందుకు ఎక్కువ మండింది.

"అడగాల నేదా నన్ను?"

"అడిగితే ఒప్పుకుంటావేటి నువ్వు? పరీచ్చలో కాలు అడ్డం తిరిగితే బండిని తుక్కు సేసేస్తారు. అందులో నా సెకండు గేరుంది. నాను బతికుండగా దాన్ని తుక్కులో సూడనేను. ఆటో అయితేనేటి? బండి ఉంటాది. నువ్వూ అందులో ఉంటావు."

"కూకుంటాను. ఉండను."

ఆయన పాన పెట్టెలో పడేసి గోడవతలకి వెళ్లిపోయాడు. లేతు ఆడిన చప్పుడు కూడా వినబడలేదు.

మీటరు 88,488. ఇరవై మూడు రోజులు

అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను. ఈరోజు ఆటో గేరు మీద బండి నడిపాను. నడిపాను అనకూడదు, అది నన్ను పైఊరికి తీసుకెళ్లి తీసుకొచ్చింది.

బాగుంది. నా కోపం అంతా అందుకే. మోటారు క్లచ్ తొక్కుతుంటే పెడల్ తనంతట తనే కిందికి పోయి పైకి వస్తోంది. దయ్యం పట్టిన బండిలా ఉంది కానీ గేరు ఒక్కసారి కూడా కీచుమనలేదు. నా కాలు హాయిగా చాపుకుని కూర్చుంది. నొప్పి లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఎడమవైపు కిటికీలోంచి లోయ చూశాను. లోయలో కాఫీ తోట పూసి ఉంది, తెల్లగా. ఎన్ని వందలసార్లు ఎక్కి దిగానో, ఆ తోట అక్కడుందని నాకు తెలియదు.

పనస మలుపు వచ్చింది. అక్కడ నేను ఎప్పుడూ సెకండులోకి దిగి, ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచాక కాలు వదులుతాను. అప్పుడు గండుచీమ వెనక భాగం కొంచెం పక్కకు జరిగి, మళ్లీ నా మాట విని సర్దుకుంటుంది. ఆ ఒక్క క్షణం కోసమే నేను ఇన్నేళ్లుగా ఈ కొండ ఎక్కుతున్నాను. ఈరోజు దండ ముప్పై దగ్గర పట్టి ఉంచింది. థర్డులోనే, మెత్తగా, జాగ్రత్తగా తిప్పేసింది. ముందు ఒక దండ బండి, వెనక ఒక దండ బండి. అందరం ఒకే వేగంలో తిరిగాం.

ఇంటికొచ్చి బండిలోనే కూర్చుని ఏడ్చాను. కాలు నొప్పి లేకుండా దిగాను, అందుకు ఇంకా ఏడుపొచ్చింది.

మీటరు 88,488. ఇరవై రెండు రోజులు

పొద్దున్నే పాన పట్టుకుని మోటారు ఊడదీశాను. నాలుగు బోల్టులు. గేరు రాడ్డు దగ్గర కడ్డీ కూడా వచ్చేసింది. క్లచ్ పెడల్ కడ్డీ మాత్రం రాలేదు. మరిడయ్య వెల్డింగ్ అంటే మామూలు వెల్డింగ్ కాదు. కోయాలంటే పెడల్ మెడ కొయ్యాలి. ఆ పెడల్ విరిగితే ఇంకోటి ఈ భూమ్మీద దొరకదు. కాబట్టి కడ్డీని అలాగే వదిలేశాను. మధ్య రేకులోంచి ఎడమ సీటు ముందుకు మూరెడు పొడుచుకొచ్చి ఉంది. అక్కడ కూర్చునేవాడి మోకాలి చిప్పకు తగులుతుంది. కూర్చునేవాడు ఎలాగూ లేడు, మందుల పెట్టెకు మోకాళ్లుండవు.

మోటారును తీసుకెళ్లి గోడ మీద పెట్టాను. సాయంత్రానికి అది అక్కడ లేదు. మరిడయ్య తీసుకున్నాడు. మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మీటరు 88,569. పదకొండు రోజులు

పొగమంచు. మంచు కమ్మితే ఎనిమిదో మలుపు దాటాక దండకు సిగ్నల్ అందదు, ఇది అందరికీ తెలిసిందే. అందనప్పుడు దండ బండి ఎక్కడున్నది అక్కడే ఆగి, తలుపు మీద ఎర్ర దీపం వెలిగించుకుని కూర్చుంటుంది.

పదకొండో మలుపులో అలా ఒక బండి ఆగి ఉంది. లోపల ముగ్గురు, భార్యాభర్తలు, ఆయన తల్లి. పెందుర్తి నుంచి పైఊరిలో పెళ్లికి పోతున్నారట. నాలుగు గంటలుగా అక్కడే ఉన్నారు. పెద్దావిడ వణుకుతోంది. ఆ మగాయన నా బండి లోపలికి తొంగిచూసి, "ఈ గుండ్రటిదేటండీ?" అని అడిగాడు. స్టీరింగు అని చెప్పాను.

గండుచీమలో ఇంకొకరికే చోటు. పెళ్లి మాట పక్కన పెట్టి కిందికే దించమన్నారు, ఒక్కొక్కరినీ దించాను. కిందికి పెద్దావిడ, మళ్లీ పైకి, కిందికి భార్య, మళ్లీ పైకి, చివరికి ఆ మగాయన. పెద్దావిడ కడ్డీకి తగలకుండా కాళ్లు పక్కకు పెట్టుకుని, "అమ్మా, నువ్వు కాలు అలగ తొక్కితే గాని కదలదేటీ బండి? పాపం" అంది. మూడో దిగుడులో నా మోకాలు రొట్టెలా ఉబ్బిపోయింది.

ఇంటికొచ్చి కాలు బకెట్లో పెట్టుకుని కూర్చున్నాను. గోడవతల నుంచి రెండు వారాల తర్వాత మొదటి మాట వచ్చింది.

"ముగ్గుర్ని దించినావంట."

"ఆ."

"అదే రాయే కాయితంలో. చేతి గేరు ఎందుకు కావాలంటే ఇందుకు కావాలని రాయి. మండలోళ్లు నోరెత్తనేరు."

నిజమే. బ్రహ్మాండమైన కారణం. రాస్తే ఎవరూ కాదనలేరు. సీటు కింద నుంచి కాగితం తీశాను, కలం పట్టుకున్నాను. కానీ నేను ఆ ముగ్గురి కోసం ఈ బండి ఉంచుకోలేదు. రేపు మండలి ఎనిమిదో మలుపులో ఇంకో స్తంభం పాతితే సిగ్నల్ వస్తుంది. అప్పుడు నా కారణం పోతుంది, బండీ పోతుంది. ఉపయోగం ఉంటేనే బతకనిస్తాం అంటే, అలాంటి లెక్కలో నేను నా బండిని నిలబెట్టను.

ఆరు గీతలు వదిలేసి మొదటి గీత మీద ఒక్క మాట రాశాను: ఇష్టం.

"ఏటి రాసినావే?" అన్నాడు గోడవతల నుంచి.

చెప్పాను.

"నీ తలకాయ్" అన్నాడు. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

మీటరు 88,577. రేపే పరీక్ష

ఘాట్ కిందిదాకా వెళ్లి వచ్చాను, బ్రేకులు చూసుకోవడానికి. బ్రేకులు బాగున్నాయి. కాలు బాగులేదు. అయినా వెళ్తాను. కాలు బాగులేదని ఇంట్లో కూర్చుంటే అదే వాళ్లకు కావలసింది.

మీటరు 88,596. పరీక్ష రోజు

ఘాట్ మొదట్లో తాటాకు పందిరి వేసి, కింద ఒక బల్ల, ఒక తెర పెట్టారు. మండలి ఇన్‌స్పెక్టరు పేరు తవిటినాయుడు. ముప్పై అయిదేళ్లుంటాయి, చేతిలో నియమాల పుస్తకం. మలుపు మలుపుకూ మండలి కెమెరాలు ఉన్నాయి. బండి బయట ఏం జరుగుతుందో అవి చూస్తాయి, లోపల జరిగేది చూడవు. లోపలి సంగతి పెడల్ కింద బిగించిన మీటరు చెబుతుంది.

ఆయన నా కాగితం తిరగేసి చూశాడు.

"ఇష్టం అని రాసారేటమ్మా? ఇంకేటైనా రాయండి. అత్యవసర సేవ అనో, పొగమంచులో సాయమనో. మొన్న ముగ్గుర్ని దించారు, నాకు రిపోర్టు వచ్చింది."

"ఆ రిపోర్టు నీ దగ్గరుంది కదా బాబూ. నా కాగితంలో నా మాటే ఉండనీ."

పెడల్ మీటరు బిగిస్తూ వెల్డింగ్ కడ్డీ చూశాడు. మోటారు లేదని తీగ పట్టుకుని వెతికి మరీ తేల్చుకున్నాడు. కడ్డీ ఒట్టిదేనని రాసుకున్నాడు. నేను ఇంజను వేశాను. పందిరంతా పాకం వాసన కమ్ముకుంది. గేరు వేయబోతుంటే ఎడమ తలుపు తెరుచుకుంది.

తలకు తువ్వాలు చుట్టుకుని మరిడయ్య. ఒక చేతిలో చక్రం కింద పెట్టే రాయి.

"ఎక్కడికి?" అన్నాను.

"క్లీనరు నేకుండా కొండెక్కుతావేటి? సిగ్గునేదూ?" అని రాయి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కడ్డీ మోకాలికి తగిలి బూతు మాట ఒకటి అన్నాడు. ఆ మాట ఈ పుస్తకంలో రాయను. ఆ కడ్డీ ఆయన పెట్టిందే.

ఎక్కడం బాగానే జరిగింది. ప్రతి తొక్కుకీ మోకాలు సూది గుచ్చినట్టు పొడిచింది, అయినా తొక్కాను. మరిడయ్య వరసగా మలుపుల పేర్లు కేకేశాడు. పాత లారీవాళ్లు పెట్టిన పేర్లు అవి: ఎద్దుకొమ్ము, పనస, అత్తగారు, దేవుడా. పనస మలుపులో సెకండు వేసి ఇంజనును అరిపించాను. వెనక భాగం పక్కకు జరిగి సర్దుకుంది. మరిడయ్య "ఓలమ్మో" అని తలుపు పట్టుకున్నాడు. తర్వాత తన సెకండు గేరు పని చూసి తనలో తను నవ్వుకోవడం చూశాను. పైకి ఇరవై మూడు తొక్కుళ్లు.

దిగుడు. పద్నాలుగు, పదమూడు, పన్నెండు, పదకొండు, పది. ఆరు తొక్కుళ్లు. పది దాటగానే వాన అందుకుంది. తొమ్మిదో మలుపే దేవుడా మలుపు. అక్కడ థర్డు నుంచి సెకండుకు దిగాలి, లేకపోతే ఒట్టి బ్రేకు మీద బండి నిలవదు. కాలెత్తి పెడల్ మీద పెట్టాను. మోకాలు బిగుసుకుపోయింది. పెడల్ మీద పాదం ఉంది, కానీ ఆ పాదంలో బలం లేదు. ఎంత తిట్టినా, ఎంత బతిమాలినా కదల్లేదు. బ్రేకు తొక్కితే వేడి వాసన వచ్చింది. మలుపు ఇంకా నలభై గజాలు.

"కాలు పోయింది బావా" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. కిందికి వంగి, రెండు చేతులతో ఆ కడ్డీని పట్టుకున్నాడు. మోటారు ఉండవలసిన చోట మోకాళ్లూనాడు.

"సెప్పు!" అని అరిచాడు. "ఎప్పుడో సెప్పవే!"

"తొక్కు!"

కడ్డీని ముందుకు నెట్టాడు. పెడల్ కిందికి పోయింది. నేను థర్డు నుంచి తీసి, ఒక్కసారి ఇంజను అరిపించి సెకండులోకి వేశాను.

"వదులు!"

వదిలాడు. ఇంజను మూలిగింది, బండి తగ్గింది, దేవుడా మలుపు మా కిటికీ పక్కగా తిరిగిపోయింది. వాన నీళ్లు లోయలోకి జారుతున్నాయి. ఆయన తువ్వాలు కింద పడింది. తియ్యడానికి ఎవరికీ తీరిక లేదు.

"తొక్కు!" "వదులు!" అలా ప్రతి మలుపుకీ. మొదటి రెండుసార్లు గేరు కీచుమంది. నేను తిట్టాను, ఆయన తిట్టాడు. ఎద్దుకొమ్ము దగ్గరికి వచ్చేసరికి నేను చెప్పక ముందే ఆయన చేతులు కదులుతున్నాయి. ఇంజను చప్పుడు నేను విన్నట్టే ఆయనా వింటున్నాడు. ముప్పై ఏళ్లుగా గోడవతల నుంచి ఈ బండినే వింటున్నాడు కదా.

పందిరి ముందు ఆపాను. తవిటినాయుడు వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చి పెడల్ మీటరు చూశాడు. మొహం విప్పారింది.

"నలభై మూడు! అమ్మా, నెగ్గేసారు. నాకు ఎంత సంతోషంగా ఉందో..."

"ఆగు బాబూ" అన్నాను. "ఇరవై తొమ్మిదే నావి. పద్నాలుగు ఇతగాడివి." కడ్డీ చూపించాను.

మరిడయ్య తల పట్టుకున్నాడు. "నోరు మూసుకోనేవేటే నువ్వు? రాసేస్తన్నాడు కదా!"

"పదకొండేళ్లుగా ఈ పుస్తకంలో ఒక్క అబద్ధం రాయలేదు బావా. దొంగ లెక్కతో గెలిచి, ఆ బండిలో ఎలా కూకోను?"

తవిటినాయుడు మా ఇద్దరినీ చూశాడు, కడ్డీని చూశాడు. మరిడయ్య అరచేతులు చూశాడు. తుప్పు కోసుకుని రెండూ నెత్తుర్లు కారుతున్నాయి. ఇన్‌స్పెక్టరు పందిరి కిందికి పోయి నియమాల పుస్తకం తీశాడు. చాలాసేపు చదివాడు. మేం బండిలోనే కూర్చున్నాం. మరిడయ్య మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నేను నా చీర కొంగు చింపి ఆయన చేతులకు కట్టాను.

చివరికి తవిటినాయుడు వచ్చాడు. "మోటారు తొక్కలేదు, మనిషే తొక్కాడు. ఆ నియమం దాటలేదు. క్లీనరు గురించి పాత నియమం చూసానమ్మా. బండి క్షేమంగా దిగడానికి కావలసిన సాయమంతా క్లీనరు చెయ్యాలి అని ఉంది. చెయ్యొచ్చు అని కూడా కాదు, చెయ్యాలి అని. అది ఎవరూ కొట్టెయ్యలేదు."

"అయితే?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"అయితే నెగ్గారు. కానీ నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను. లైసెన్సు ఇద్దరి పేరునా ఉంటుంది. ఇద్దరూ లేకుండా బండి కదలకూడదు. మీ కాలు బాగయ్యేదాకా అనుకోండి." తల గోక్కున్నాడు. "ఇంకో సంగతి. నేర్చుకోవడానికి పేరు రాసుకుంటారంట కదా. నాది రాసుకోండి."

మీటరు 88,596. పరీక్ష తర్వాత ఆరో రోజు

బండి కదల్లేదు. మరిడయ్య చేతులు మానలేదు, నా కాలి వాపు దిగలేదు. పైఊరివాళ్లు మందులు దండ బస్సులో తెప్పించుకున్నారు, అది పొగమంచులో ఎనిమిదో మలుపు దాటాక నాలుగు గంటలు ఆగిందట.

ఈ ముసలాడు లేకుండా ఇక నేను ఊరి పొలిమేర దాటలేను. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి కడ్డీ చివర చెక్క పిడి ఎక్కడ బిగిస్తే బాగుంటుందో కొలతలు తీసుకుంటున్నాడు. చేతులకు కట్లుండగానే కొలుస్తున్నాడు. నిన్న లేతు చప్పుడు మళ్లీ వినబడింది.

మధ్యాహ్నం దారిమండలి పెద్దల నుంచి ఉత్తరం వచ్చింది. గోడకు ఆనుకుని నేనే పైకి చదివాను. "మీ వాహనం నడవడానికి ఇద్దరు మనుషులు కావాలి. దండలో ఒక్కరు కూడా అక్కర్లేదు. ఉచిత కిట్టు ఇంకా మీ పేరున ఉంది. ఆలోచించుకుని వారంలోగా జవాబు రాయండి."

మరిడయ్య గోడ చుట్టూ తిరిగి వచ్చి, బల్ల మీద ఉన్న నా కలం అందుకున్నాడు. కట్టు కట్టిన చేత్తో పట్టు చిక్కక రెండుసార్లు జారవిడిచాడు. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను. వంకర టింకర అక్షరాలతో ఆయనే రాశాడు. కింద ముందు ఆయన సంతకం పెట్టాడు, తర్వాత నేను పెట్టాను. ఆ జవాబు నకలు ఈ పుస్తకంలో ఎక్కిస్తున్నాను:

ఆలోచించాం. ఇద్దరం.